సీటు నంబరు వేసిన టికెట్టు

అమ్మా,

మొన్న నువ్వు ఫోన్ చేసి, "పెదనాన్నా, ఈసారి మా నాటకాన్ని షెల్టర్లలో ఉండేవాళ్లకీ, ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్లకీ చూపించాలనుకుంటున్నాం. ఎలా చేస్తే బాగుంటుంది?" అని అడిగావు. నాకు కళ్లు చెమర్చాయి. ఫోన్లో సగం కూడా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. నలభై ఏళ్లు మొహానికి రంగు పూసుకున్నవాణ్ణి. పద్య నాటకాలు ఆడాను, పరిషత్తుల్లో నాటికలు ఆడాను. నాకు తెలిసిందీ, తెలియక చేసిన తప్పూ రెండూ నీకు చెప్పాలి.

రవీంద్రభారతి నుంచి నాంపల్లి స్టేషన్‌కి ఎంత దూరమో నీకు తెలుసు. తీరిగ్గా నడిచినా అరగంట పట్టదు. 1961లో రవీంద్రుడి శతజయంతికని తలుపులు తెరిచిన హాలు అది. అక్కడ నాటకం ఆడి, చెవుల వెనక రంగు పూర్తిగా పోకుండానే రైలు కోసం ఆ దారిన నడిచిన రాత్రులు ఎన్నో ఉన్నాయి. మూసేసిన షాపుల అరుగుల మీద అట్టముక్కలు పరుచుకుని, చెప్పులు తల కింద పెట్టుకుని పడుకున్నవాళ్లను దాటుకుంటూ వెళ్లేవాణ్ణి. గంట క్రితం అదే నోటితో "ప్రేక్షక మహాశయులకు నమస్కారం" అన్నవాణ్ణి. ఆ మహాశయుల్లో వీళ్లు కూడా ఉండొచ్చన్న ఆలోచన నాకు ముప్పై ఏళ్లపాటు రాలేదు. నీకు ముప్పై ఏళ్ల వయసులోనే వచ్చింది. అందుకు నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉంది.

మన నాటకం మొదట్నించీ ఇలా లేదమ్మా. నా చిన్నప్పుడు సురభి నాటకాలవాళ్లు మా ఊరికొస్తే డేరా వేసేవాళ్లు. కుర్చీ టికెట్టు, బెంచీ టికెట్టు, నేల టికెట్టు. నేల టికెట్టు కొన్నవాడు తెరకు అందరికంటే దగ్గర. ఘటోత్కచుడు పైనుంచి దిగితే ఆ దుమ్ము వాడి మొహం మీదే పడేది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన ఆ కుటుంబాలకు మాత్రం అప్పుడు సొంత ఇల్లెక్కడిది? డేరా వెనకే వంట, డేరా వెనకే పురుడు, ఉయ్యాల పక్కనే రిహార్సలు. ఊరూరా తిరిగి తిరిగి, చాలా కాలానికి శేరిలింగంపల్లిలో వాళ్లకంటూ ఒక కాలనీ ఏర్పడింది. బుడగ జంగాలు, పగటి వేషగాళ్లు, తోలుబొమ్మలవాళ్లు, పిచ్చకుంట్లవాళ్లు, ఎవర్ని చూడు, ఇల్లు లేకుండా తిరిగినవాళ్లే మనకు కళను మోసుకొచ్చారు. తర్వాత హాళ్లు వచ్చాయి, నేల టికెట్టు పోయింది. దాంతోపాటు ఆ టికెట్టు కొనేవాడూ పోయాడు. అందుకే వాళ్లకు నాటకం చూపించడాన్ని నువ్వు కొత్తగా చేస్తున్న సేవ అనుకోకు. వాళ్ల దగ్గర్నుంచి పోయినదాన్ని తిరిగి ఇస్తున్నావు, అంతే.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో ఇల్లు లేనివాళ్లు 17 లక్షల 70 వేల పైచిలుకు అని తేలింది. అందులో పట్టణాల్లోనే 9 లక్షల 38 వేల మంది. ప్రతి లక్ష జనాభాకు ఒక షెల్టరు ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పాక ఊళ్లల్లో కాసిని షెల్టర్లు వచ్చాయి. ఆ అంకెలు అలా ఉంచు. నువ్వు ముందు చేయాల్సింది ఆ షెల్టర్లలో ఉండేది ఎవరో వెళ్లి చూడటం. చేతిలో బొచ్చె పట్టుకున్న ముసలివాణ్ణి ఊహించుకుని వెళ్తావు. అక్కడ కనిపించేది పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీ, పెళ్లిళ్లలో వడ్డించే క్యాటరింగ్ కుర్రాడు, పెద్దాసుపత్రిలో భర్తను చేర్పించి నెల రోజులుగా బయటే ఉంటున్న ఇల్లాలు, కొడుకు దగ్గర ఇమడలేక వచ్చేసిన రిటైర్డ్ గుమాస్తా, మొగుడు కొడితే పిల్లను చంకనేసుకుని బస్సెక్కిన అమ్మాయి. నీ నాటకానికి వచ్చే మామూలు ప్రేక్షకులూ ఇలాంటివాళ్లే కదా.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక షెల్టరు నుంచి ఇరవై మందిని నాటకానికి పిలిచాను. పాసులు నేనే పంచాను, బస్సు మాట్లాడాను. అన్నీ చేశాననుకుని గ్రీన్ రూమ్‌లో రంగు వేసుకుంటూ కూర్చున్నాను. హాలు గేటు దగ్గర కాపలావాడు వాళ్ల సంచులు లోపలికి రావడానికి వీల్లేదన్నాడట. పద్దెనిమిది మంది సంచులు బస్సులో పడేసి వచ్చారు. ఒక పెద్దాయన మాత్రం సిమెంటు బస్తాతో కుట్టుకున్న సంచిని ఇవ్వనన్నాడు. కాపలావాడు పదేపదే అడిగితే ఏమీ మాట్లాడకుండా వెనక్కి తిరిగి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆయనకు తోడుగా ఇంకొకాయన కూడా వెళ్లిపోయాడు. నాకు ఈ సంగతి తెర పడ్డాక తెలిసింది.

మర్నాడు షెల్టరుకి వెళ్లి క్షమించమన్నాను. ఆయన ఏమీ అనలేదు. సంచి మూతి విప్పి ఒక్కొక్కటే బయటపెట్టి చూపించాడు. దుప్పటి. సొట్టలు పడ్డ సత్తు పళ్లెం. మూడు మడతల ప్లాస్టిక్ కవరులో ఆధార్ కార్డు, ఆసుపత్రి చీటీలు. అద్దం పగిలిన చిన్న ఫ్రేములో భార్య ఫోటో. మళ్లీ అదే వరసలో లోపల పెట్టి మూతి బిగించాడు. అప్పుడు అర్థమైంది నాకు. మనం ఇంటికి తాళం వేసి నాటకానికి వెళ్తాం. ఆయన ఇల్లు ఆ సంచే. దాన్ని గేటు దగ్గర వదిలేసి రమ్మంటే ఎలా వస్తాడు?

అందుకని మొట్టమొదట సంచుల సంగతి చూడు. గేటు లోపల ఒక బల్ల వేయించు. సంచికి ఒక బిళ్ల, మనిషికి అదే నంబరు బిళ్ల. అక్కడ నమ్మకమైన మనిషి నాటకం అయ్యేదాకా కదలకుండా కూర్చోవాలి. ఎవరైనా సంచి ఒళ్లో పెట్టుకునే చూస్తానంటే అలాగే చూడనివ్వు. హాలు వాళ్లతో ఈ మాట వారం ముందే తేల్చుకో. కాపలా ఉండే అతనికి కూడా స్వయంగా వెళ్లి చెప్పు. అతని మీద కోప్పడి లాభం లేదు, అతనికి పైవాళ్లు చెప్పింది అతను చేస్తాడు.

రెండోది టికెట్టు. పాసు వద్దు. అందరికీ ఇచ్చే టికెట్టే ఇవ్వు. వరస అక్షరం, సీటు నంబరు అచ్చు వేసి ఉండాలి. వాళ్లందరినీ వెనక రెండు వరసల్లో కుప్పగా కూర్చోబెట్టకు. ఇద్దరిద్దరుగా హాలంతా సర్దు. తోడు ఉన్నవాళ్లను విడదీయకు. టికెట్టు మీద ధర ఉండనివ్వు, పది రూపాయలు పెట్టు. ఇవ్వగలిగినవాడు ఇస్తాడు, లేనివాడి దగ్గర అడగొద్దు. మిగతా డబ్బు నాటకం చూడటానికి వచ్చే మిగతావాళ్లను అడుగు. తమ టికెట్టుతోపాటు ఇంకొకటి కొని కౌంటరులో వదిలేయమను. ఎండాకాలం చలివేంద్రం పెట్టినవాడు నీళ్లు తాగేవాడి పేరడగడు కదా, ఇదీ అలాగే జరగాలి. "నిరాశ్రయుల కోసం ప్రత్యేక ప్రదర్శన" అని మాత్రం బ్యానరు కట్టించకు తల్లీ. ఆ అక్షరాల కింద కూర్చుని ఎవరూ హాయిగా నవ్వలేరు.

రోజు, వేళ. మీ కుర్రాళ్లు రాత్రి ఏడున్నరకు మొదలుపెట్టి పదింటికి ముగిస్తారు. షెల్టరు గేటు మూసేందుకు ఒక వేళ ఉంటుంది. పొద్దున్నే ఆరింటికల్లా అడ్డా మీద లేకపోతే ఆ రోజు కూలి పోతుంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి పెట్టు. ఇంకో మాట, ముహూర్తాల రోజుల్లో పెట్టకు. ఆ రోజుల్లో సగం మంది క్యాటరింగ్ పనుల్లో తెల్లవార్లూ ఉంటారు. ఆషాఢం మంచిది. పెళ్లిళ్లుండవు, పని ఉండదు, చేతిలో డబ్బు ఉండదు, వాన పడితే బయటికి పోయే దిక్కూ ఉండదు. మనిషికి రెండు గంటలు ఇంకో లోకం కావాల్సింది సరిగ్గా అప్పుడే.

తిండి సంగతి మర్చిపోకు. అమెరికాలో కత్రినా తుపానుకి న్యూ ఆర్లీన్స్ ఊరు మునిగి వేలమంది ఇళ్లు పోగొట్టుకున్న రెండేళ్లకు, 2007 నవంబరులో, పాల్ చాన్ అనే కళాకారుడు అక్కడి శిథిలాల మధ్య నడివీధిలో బెకెట్ 'వెయిటింగ్ ఫర్ గోడో' ఆడించాడు. టికెట్టు లేదు. వచ్చినవాళ్లకు ముందు ఆ ఊరివాళ్లు ఇష్టంగా తినే గంబో అనే పులుసు పెట్టారు. బ్యాండు మేళంతో కూర్చునే చోటికి తీసుకెళ్లారు. ఆ తర్వాతే నాటకం. అంతకంటే నాకు నచ్చింది వేరే ఉంది. అతను నాటకానికి నెలల ముందే ఆ ఊరు వెళ్లి, అక్కడే ఉండి, పాఠాలు చెప్పి, వాళ్ల వంటిళ్లలో కూర్చుని మాట్లాడాడు. నువ్వు కూడా నాటకం మాట ఎత్తకుండా నాలుగుసార్లు షెల్టరుకి వెళ్లు. వాళ్లు తాగే టీ తాగు. ఐదోసారి పిలువు.

ఇక ఏ నాటకం వేయాలన్నది. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, నీకు నచ్చకపోయినా వింటావని చెబుతున్నాను. అవగాహన నాటకం వేయకు. తాగుడు మానండి, చేతులు కడుక్కోండి, టీబీ పరీక్ష చేయించుకోండి అని చెప్పే స్కిట్లు వాళ్లు ఇప్పటికే చాలా చూశారు. వాటి అవసరం వాటికి ఉంది, కాదనను. కానీ ఇల్లు లేనివాడికి బుద్ధులు మాత్రమే కావాలని ఎవరు చెప్పారు? శశిరేఖ అల్లరి వాళ్లకూ కావాలి. గిరీశం మాటలకు వాళ్లూ నవ్వాలి. దుఃఖం కూడా వాళ్ల ముందు దాచాల్సిన పని లేదు. మన పద్య నాటకంలో జనం గుండెల్లో పెట్టుకున్న పాత్ర ఎవరిది? రాజ్యం, ఇల్లు, ఆలి, బిడ్డ అన్నీ పోయి శ్మశానంలో కాపరిగా నిలబడ్డ హరిశ్చంద్రుడిది. జాషువా గారి పద్యాలు ఆ కాటి సీనులోకి వచ్చి చేరి జనం నాలుకల మీద నిలిచిపోయాయంటే, ఆ చోటు ఎలాంటిదో జనానికి తెలుసు కాబట్టే.

ఆ సీనే మేం ఒకసారి ఫ్లైఓవర్ కింద ఉన్న షెల్టరులో వేశాం. లైట్లు లేవు, తెర లేదు. ఒక ట్యూబులైటు, ఒక హార్మోనియం, పైన లారీల మోత. పాతికమంది మంచాల మీద కూర్చుని చూస్తున్నారు. రెండో పద్యం ఎత్తుకోగానే ఒక మూల నుంచి టంగు, టంగు అని స్టీలు పళ్లెం మీద వేళ్లతో కొడుతున్న చప్పుడు. నాకు చిరాకు వేసింది. నాలుగు అక్షరాలు దాటాక ఆ చప్పుడు మా తాళం కంటే నిఖార్సుగా ఉందని తెలిసింది. ఒక ముసలామె. అయ్యాక దగ్గరికొచ్చి, "సారూ, మీ తాళం ఎనకబడ్తాంది" అంది. బుడగ జంగాల కుటుంబమట. "మా ఆయన తంబుర పట్టి కథ చెప్పేటోడు. నేనూ మా తోటికోడలూ చెరో పక్కన గుమ్మెట గొట్టేటోళ్లం. ఆయన పోయిండు. గుమ్మెట అమ్ముకున్న." అంతే చెప్పి పళ్లెం కడుక్కోవడానికి వెళ్లిపోయింది. ఆ షెల్టరు నడిపేవాళ్ల రిజిస్టరులో ఆమె పేరు పక్కన "పని ఏమీ లేదు" అని రాసి ఉంది.

అందుకే షెల్టరుకి వెళ్లినప్పుడు "మీకు నాటకం చూపిస్తాం" అనే ముందు "మీలో పాడేవాళ్లున్నారా, ఆడినవాళ్లున్నారా, డప్పు కొట్టేవాళ్లున్నారా?" అని అడుగు. ఒక్కరైనా చెయ్యెత్తుతారు. ఆ ఒక్కరినీ నీ బృందంలోకి తీసుకో. రిహార్సల్‌కి వస్తే వాళ్లకు ఆ రోజు కూలి పోతుంది, ఆ కూలి నువ్వు ఇవ్వు. నాటకానికి మిగతా నటులకు ఎంత ఇస్తున్నావో అంతే ఇవ్వు. ఇంకో సంగతి, వాళ్ల చేత వాళ్ల కష్టమే ఆడించి చప్పట్లు కొట్టించుకోకు. తన కథ తానే చెప్పుకుంటానంటే అది వేరు. కృష్ణుడి వేషం కావాలంటే కృష్ణుడి వేషం ఇవ్వు.

ఇది జరగని పని కాదు. లండన్‌లో 1991 నుంచి కార్డ్‌బోర్డ్ సిటిజన్స్ అనే నాటక సంస్థ ఇళ్లు లేనివాళ్లతోనే పనిచేస్తోంది. బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోల్ నేర్పిన పద్ధతిలో నాటకాన్ని హాస్టళ్లకు తీసుకెళ్తారు. మధ్యలో ఆపి, "ఇక్కడ నువ్వైతే ఏం చేసేవాడివి?" అని చూసేవాణ్ణే అడుగుతారు. వాడే లేచొచ్చి ఆ పాత్ర చేసి చూపిస్తాడు. అక్కడే స్ట్రీట్‌వైజ్ ఒపేరా అని ఇంకొకటి 2002లో పుట్టింది. రాత్రి షెల్టరులో పనిచేస్తూ సంగీతం గురించి పత్రికల్లో రాసే మాట్ పీకాక్ దాన్ని మొదలుపెట్టాడు. ఇళ్లు లేనివాళ్లంటే ఒపేరా చూసి బయటికొచ్చేటప్పుడు దాటుకుని వెళ్లాల్సినవాళ్లంటూ ఒక రాజకీయ నాయకుడు చాలా ఏళ్ల కిందట అన్న మాట ఆ షెల్టరులోవాళ్లను కదిలించింది. జనం దాటుకుని వెళ్లిన ఆ మనుషులే 2016లో మాంచెస్టర్‌లో బాక్ రాసిన 'పాషన్' ఆడారు. పేరున్న గాయక బృందం పక్కన నిలబడి, క్రీస్తు పాత్రనే వాళ్లు పంచుకుని పోషించారు. ఈ సంగతి చదివిన రోజు నాకు మన నాంపల్లి దారి, చెప్పులు తల కింద పెట్టుకున్న మనుషులు గుర్తొచ్చారు.

హాల్లో గొడవ గురించి భయపడుతున్నట్టున్నావు. మధ్యలో లేచి మాట్లాడేవాళ్లుంటారు. మనసు బాగోలేనివాళ్లు తమలో తాము గొణుక్కుంటారు. చీకటంటే భయపడేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా ఆడవాళ్లు. హాలు పూర్తిగా చీకటి చేయకు, పక్క లైట్లు కొద్దిగా ఉంచు. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి వెళ్లి మళ్లీ రావచ్చని ముందే చెప్పు. మిగతా సందడికి కంగారు పడాల్సిన పని లేదు. డి.వి. సుబ్బారావు గారు హరిశ్చంద్రుడిగా పద్యం పాడితే జనం "వన్స్ మోర్" అని అరిచేవాళ్లు. నాటకం ఆగేది, మళ్లీ పాడేవాళ్లు, మళ్లీ సాగేది. మాట్లాడే ప్రేక్షకుణ్ణి భరించడం మన రంగస్థలానికి కొత్త కాదు. నీ నటులకు ఆ ఓపిక నేర్పు. పాత్రలో ఉంటూనే ఒక చిన్న జవాబు ఇవ్వగలిగితే ఇంకా మంచిది.

ఫోటోలు తీయించకు. పేపరువాళ్లు వస్తే వేదిక మీదివాళ్లను తీసుకోమను. మొగుడి నుంచి తప్పించుకొచ్చిన ఆ అమ్మాయి మొహం మర్నాడు జిల్లా ఎడిషన్లో కనబడితే, నువ్వు చూపించిన నాటకం ఆమె ప్రాణం మీదికి తెస్తుంది. అప్పుల వాళ్లకు దొరక్కుండా తిరిగేవాళ్లుంటారు. షెల్టరులో ఉంటున్నానని ఊళ్లో పిల్లలకు చెప్పనివాళ్లుంటారు. అతిథులను పిలిచి ఉపన్యాసాలు పెట్టించకు, శాలువాలు కప్పించకు.

చివరిది, అన్నిటికంటే కష్టమైనది. జనవరి చలిలో దుప్పట్లు పంచడానికి చాలామంది వస్తారు. పుట్టినరోజులకు పులిహోర పొట్లాలు తెస్తారు. మళ్లీ కనబడరు. షెల్టరులో వాళ్లు నిన్ను మొదట అలాగే చూస్తారు. "మళ్లీ ఎప్పుడొస్తారమ్మా?" అని ఎవరైనా అడిగితే, వచ్చే రోజు తెలిసి ఉంటేనే జవాబు చెప్పు. వందమందిని ఒక్కసారి పిలవడం కంటే ప్రతి ప్రదర్శనకూ పదిమందిని పిలవడం మేలు. నీ హాల్లో పది సీట్లు ఎప్పుడూ వాళ్లవే అని నీ బృందాన్ని ఒప్పించు. అమ్ముడుపోని రోజు కూడా, పూర్తిగా అమ్ముడుపోయే రోజు కూడా.

ఆ సిమెంటు బస్తా సంచి పెద్దాయన తర్వాత నాకు కనబడలేదు. షెల్టరులో అడిగితే ఊరెళ్లాడని ఒకరన్నారు, ఆసుపత్రిలో పోయాడని ఇంకొకరన్నారు. ఆయనకు నేను బాకీ పడ్డ నాటకం అలాగే మిగిలిపోయింది.

ఆషాఢంలో మొదటి ఆదివారం పెడతానన్నావు కదా. నేను రెండు రోజుల ముందే వస్తాను. నాకు వేషం వద్దు, ముందు వరసలో కుర్చీ వద్దు. గేటు లోపల సంచుల బల్ల దగ్గర కూర్చునే పని నాకివ్వు తల్లీ.

మీ పెదనాన్న